అక్కుపల్లి జట్టుకి ఒక్క మనిషి

కన్నయ్య షాట్ కొట్టగా ఊళ్ళో ఎవరూ చూడలేదు. అక్కుపల్లి వాలీబాల్ జట్టులో పదమూడేళ్ళ నుంచి ఉన్నాడు, పదమూడేళ్ళూ లిఫ్టరే. వెనక నుంచి వచ్చిన బంతిని నెట్ పక్కన నిలబడి పది వేళ్ళతో పైకి లేపాలి. పక్కవాడు ఎగిరి కొట్టడానికి వీలుగా గాల్లో పెట్టాలి. అంతే అతని పని. చప్పట్లు కొట్టినవాడికే పోతాయి. లేపినవాడి పేరు జనానికి గుర్తుండదు.

కన్నయ్యకి దాని మీద పెద్ద కోపం కూడా లేదు. సముద్రం దగ్గరా అతని పని అలాంటిదే. పెద్దవల వేసినప్పుడు తాళ్ళు రెండు వైపులా ఒడ్డుకి వస్తాయి. ఇటు పాతికమంది, అటు పాతికమంది లాగుతారు. ఒక వైపు తొందరపడితే వల వంకర తిరిగి చేప జారిపోతుంది. అందుకని మధ్యలో ఇసుక మీద ఒకడు నిలబడి, రెండు వైపులూ చూస్తూ, తువ్వాలు ఊపుతూ, ఎవరు ఆగాలో ఎవరు లాగాలో చెప్పాలి. ఆ తువ్వాలు కన్నయ్యది. ముప్పై ఆరేళ్ళకి ఊళ్ళో అతను సంపాదించుకున్న స్థానాలు ఈ రెండే, నెట్ పక్కన ఒకటి, వల మధ్యన ఒకటి.

మూడేళ్ళ కిందట పడవ అంచుకీ తాడుకీ మధ్య అతని ఎడమచేతి ఉంగరపు వేలు నలిగింది. వాపు తగ్గింది గానీ వేలు తిన్నగా కాలేదు, కొక్కెంలా వంగే ఉండిపోయింది. అన్నం తినడానికి అడ్డం లేదు, తాడు పట్టుకోవడానికి అంతకన్నా అడ్డం లేదు. బంతి లేపడానికి మాత్రం అడ్డమే. ఒక మధ్యాహ్నం తుఫాను షెల్టర్ గోడ వెనక ఎవరూ లేనప్పుడు కన్నయ్య గోడ మీద బొగ్గుతో గుర్తు పెట్టి పది బంతులు లేపాడు. ఏడు బంతులు గుర్తుకి జానెడు ఇవతలే పడ్డాయి, ఏడూ ఒకే వైపు. బొగ్గు గుర్తు అరచేత్తో తుడిచేసి ఇంటికి వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆ మూడేళ్ళూ ఆగస్టు పదిహేను పోటీల్లో అక్కుపల్లి సెమీఫైనల్లో జలంత్రకోట చేతిలో ఓడిపోయింది. మూడుసార్లూ ఆఖరి బంతి కన్నయ్య బావమరిది తారకేశ్వరరావు కొట్టిందే, మూడుసార్లూ నెట్‌కే తగిలింది. తారకి అని పిలుస్తారు వాణ్ణి. ఇరవై రెండేళ్ళవాడు, కోపిష్టి, ఎగిరి కొట్టడంలో మంచి షూటర్. "నెట్ తారకి" అని పేరు పడింది. ఓడిన మూడేళ్ళూ, వేలు నలిగిన మూడేళ్ళూ ఒకటే అన్న లెక్క కన్నయ్య తప్ప ఎవరూ వేయలేదు.

2002లో పోటీల వాళ్ళు రెండు కొత్త నిబంధనలు పెట్టారు. ఒకటి, ప్రతి జట్టూ బయటి ఊరి మనిషిని ఒక్కణ్ణి తెచ్చుకోవచ్చు. రెండు, పాయింట్ల లెక్క మారింది. అంతకు ముందు సర్వీస్ చేసిన జట్టుకే పాయింట్ వచ్చేది, తప్పు కొడితే సర్వీస్ పోయేది, అంతే. ఇప్పుడు ఎవరు తప్పు చేసినా అవతలివాళ్ళకి పాయింటే.

వలలు ఆరబెట్టే పాక కింద మధ్యాహ్నం సభ కూర్చుంది. పెద్దవల సొంతదారు పోలారావే జట్టుకీ పెద్ద. ఎదురుగా సైకిల్ షాపు రామూర్తి కూర్చున్నాడు. ఒకప్పటి లిఫ్టర్ అతనే, కన్నయ్యకి లిఫ్ట్ నేర్పిందీ అతనే.

"మనకి తక్కువేటి? కొట్టేవోడు," అన్నాడు పోలారావు. "టెక్కలి మన్మథరావుని తెచ్చీద్దాం. ఆరడుగుల మనిషి, కాలేజీ జట్టులో ఆడినాడు. ఆడు ఎగిరితే నెట్ ఆడి బొడ్డు కాడుంటది."

"ఎగురుతాడు మావా, కాదన్నానేటి?" అన్నాడు రామూర్తి. "ఎగిరినోడికి బంతి ఎవుడు పెడతాడు? లెక్క మారిపోనాది. తప్పు కొడితే పాయింట్ పోద్ది. మనకి గట్టిగా కొట్టేవోడు కాదు, తప్పు కొట్టనివ్వనోడు కావాల. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో నాగరాజని ఓ గుంటడున్నాడు. లిఫ్టర్. కాశీబుగ్గలో సూసినాను. బంతిని పళ్ళెంలో ఎట్టి ఇత్తాడు."

"పళ్ళెంలో ఎట్టడానికి ఇదేటి పెళ్ళి బోజనమా? జలంత్రకోటోళ్ళు కొబ్బరిసెట్లంత ఉంటారు. ఆల ఎత్తు మీంచి కొట్టాల."

"ఆల ఎత్తు మీంచి కాదు మావా, ఆల సేతుల మజ్జిలోంచి కొట్టొచ్చు. బంతి సరిగ్గా ఎడితే."

"లిఫ్టర్ మనకున్నాడు గాదేటి? కన్నయ్యగాడేటి సచ్చిపోనాడా?"

అందరూ నవ్వారు. నవ్వి, అందరూ కన్నయ్య వైపు చూశారు.

చెప్పాలంటే అదే సమయం. నాగరాజు వస్తే కన్నయ్య బయట కూర్చోవాలి. మన్మథరావు వస్తే తారకి బయట కూర్చోవాలి. తారకి అక్కడే ఉన్నాడు, పాక స్తంభానికి ఆనుకుని వల కన్నాలు కుడుతున్నాడు, తల ఎత్తలేదు. కన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"షూటరే కావాల," అన్నాడు.

తారకి దారం కొరికి, సూది వలకే గుచ్చి, లుంగీకి అంటిన ఇసుక దులుపుకుని వెళ్ళిపోయాడు.

రామూర్తి మాత్రం ఒప్పుకోలేదు. అటు నలుగురు, ఇటు నలుగురు చేరి అరుచుకున్నారు. చివరికి పోలారావు తేల్చాడు. "ఇద్దర్నీ రప్పిద్దాం. తాడు పట్టిద్దాం. తాడు పట్టుకుంటే మనిషేటో తెలిసిపోద్ది."

అక్కుపల్లి జాలరిపేటలో అదో ఆనవాయితీ. వలలోకి కొత్తగా ఎవరు చేరినా, ఆఖరికి కొత్త అల్లుడు వచ్చినా, ముందు పెద్దవల తాడు చేతికిస్తారు. భుజం ఎంత, ఓపిక ఎంత, పక్కవాడితో కలిసి అడుగు వేస్తాడా లేదా అన్నీ అందులో బయటపడతాయి. వల లాగేవాణ్ణి ఎంచుకోవడానికి అంతకన్నా మంచి పరీక్ష లేదు. వాలీబాల్ ఆడేవాడికి ఆ తాడుతో ఏం పని అని ఎనిమిదిమందిలో ఒక్కడికీ తోచలేదు.

ఇంటికి వచ్చేసరికి భార్య కుసుమ చేపలు కడుగుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"మావోడు గుజరాత్ ఎల్లిపోతాడట, వెరావల్ బోట్లకి. బోటు నడిపే సరంగు కాడ పేరు రాయించీసినాడు. ఇక్కడుండి ఏటి సేత్తానక్కా అన్నాడు. నువ్వే షూటర్ కావాలన్నావట గదా?"

"ఊరంతా అన్నారు."

"ఊరంతా అన్నాక నువ్వన్నావా, నువ్వన్నాక ఊరంతా అన్నాదా?"

కన్నయ్య కాళ్ళు కడుక్కునే నెపంతో దొడ్లోకి పోయాడు. కడిగిన కాళ్ళే మళ్ళీ కడిగాడు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. మన్మథరావు స్నేహితుడి మోటారుసైకిల్ మీద, ట్రాక్ ప్యాంటుతో దిగాడు. నవ్వుమొహం మనిషి. చొక్కా విప్పి, ఎవరూ చెప్పకుండానే నడుం వంచి, తాడు భుజం కింద పట్టి లాగాడు. ముగ్గురి లాగుడు లాగాడు. ఆ వైపు తాడు ముందుకొచ్చేస్తుంటే కన్నయ్య మధ్యలో నిలబడి తువ్వాలు ఊపి అతన్ని ఆపాల్సి వచ్చింది. ఒడ్డున ఆడవాళ్ళు "ఓలమ్మో, ఈడేట్రా!" అన్నారు.

నాగరాజు ఆటో దిగి నడిచొచ్చాడు. సన్నగా, పొట్టిగా ఉన్నాడు. జీడిగింజలు వేయించే పెనం దగ్గర ఆరేళ్ళు పనిచేసిన చేతులు అతనివి. జీడి నూనె తగిలి అరచేతులు నల్లబడి, తోలు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. తాడు రెండు నిమిషాలు పట్టుకున్నాడు. మూడో నిమిషంలో వదిలేశాడు. అరచేతిలో రక్తం కనబడింది.

"పప్పు ఒలిసే సేతులురా ఇవి!" అన్నాడు పోలారావు.

"పప్పు ఒలిసేది ఆడోళ్ళండి," అన్నాడు నాగరాజు, చేతులు ఉప్పునీళ్ళలో ముంచి పళ్ళు బిగబట్టి. "నాను పెనం కాడుంటాను."

నవ్వులు మోగిపోయాయి. అక్కడే ఖాయం అయిపోయింది, మన్మథరావే. పోటీల వాళ్ళకి పేరు సాయంత్రంలోగా ఇవ్వాలి. కన్నయ్య తువ్వాలు మెడ చుట్టూ వేసుకున్నాడు. అతనికి ఆ పొద్దు గాలి చల్లగా తగిలింది. అది నిజం, దాన్ని దాచడం ఎందుకు.

వచ్చినవాళ్ళని ఊరికే పంపకూడదని సాయంత్రం నాలుగింటికి ఒక ఆట పెట్టారు. అటు ఒకడు తక్కువయ్యాడు. రామూర్తి ఏమీ తెలియనట్టు నాగరాజుని ఆ ఖాళీలో నిలబెట్టాడు. బలవంతాన పట్టుకొచ్చిన తారకిని అతని పక్కన పెట్టాడు. ఇటు కన్నయ్య, మన్మథరావు.

నాగరాజు మొదటి బంతి లేపాడు. తారకి ఎగిరాడు, చెయ్యి గాల్లో ఊపాడు, బంతి తగల్లేదు. కిందపడ్డాడు. అందరూ నవ్వారు. కన్నయ్య మాత్రం నవ్వలేదు. తారకి ఎందుకు తప్పాడో అతనికి ఒక్కడికే తెలిసింది. వాడు జానెడు ఇవతలికి ఎగిరాడు. మూడేళ్ళ నుంచి కన్నయ్య బంతి పడే చోటుకి ఎగరడం అలవాటు చేసుకున్నాడు. ఈ బంతి పడాల్సిన చోటే పడింది.

రెండో బంతికి తారకి ఒక అడుగు ఆగి ఎగిరాడు. బంతి అవతల ఇసుకలో గుంట చేసింది. మూడోది, నాలుగోది, అయిదోది. నాగరాజు అరచేతులు మండుతున్నాయి కాబట్టి బంతిని చేతికి ఆననివ్వడం లేదు, వేళ్ళ కొసలతో తాకి వదిలేస్తున్నాడు. చప్పుడు కూడా లేదు. బంతి గాల్లో ఆగినట్టు ఉంటోంది, తారకి తీరుబడిగా చూసుకుని కొడుతున్నాడు.

ఇటు మన్మథరావు ఎగిరాడు. నెట్. మళ్ళీ ఎగిరాడు. నెట్. మూడోసారీ నెట్. అతను పెద్దమనిషి తరహా కుర్రాడు. కన్నయ్య వేళ్ళ వైపు ఒకసారి చూశాడు, అంతే.

"సముద్రం గాలి బాబుకి అలవాటు నేదు," అన్నాడు పోలారావు గట్టు మీంచి. "రెండ్రోజులుంటే సర్దుకుంటాది."

"అవునండి, గాలే," అన్నాడు మన్మథరావు.

గాలి. అంత మంచి సాకు ఎవరూ అడగకుండానే చేతిలో పెట్టారు. కన్నయ్య నోరు మూసుకుంటే సరిపోయేది. మన్మథరావు పేరు రాసేస్తారు, కన్నయ్య నెట్ పక్కనే ఉంటాడు, ఓడిపోతే గాలి, మళ్ళీ ఓడిపోతే మన్మథరావు. అవతల తారకి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగరుస్తూ నవ్వుతున్నాడు. వాడు మైదానంలో నవ్వగా కన్నయ్య చూసి మూడేళ్ళయింది.

తరవాతి సర్వీస్ వచ్చింది. కన్నయ్య బంతి లేపలేదు. పట్టుకున్నాడు.

"గాలి కాదు మావా," అన్నాడు. "నా యేలు."

"ఏటీ?"

"నా యేలు తిన్నగా నేదు. మూడేళ్ళ నుంచి జానెడు ఇవతలే పడతంది బంతి. మన్మథరావు బాబుది తప్పు నేదు. తారకిగాడిదీ ఎప్పుడూ తప్పు నేదు." చెయ్యి పైకెత్తి చూపించాడు, ఎవరో అడిగినట్టు.

పోలారావు గట్టు దిగి వచ్చాడు. "మూడేళ్ళు! మూడేళ్ళు నోట్లో ఏటెట్టుకున్నావురా? ఊరు పరువు జలంత్రకోట కొబ్బరితోటల్లో పాతేసినావు గదరా సచ్చినోడా!"

ఆ తిట్లు కన్నయ్యకి ఎక్కలేదు. అతను తారకినే చూస్తున్నాడు. తారకి నవ్వు ఆగిపోయింది.

"తెల్సు బావా," అన్నాడు తారకి.

"ఏటి తెల్సు?"

"యేలు సంగతి. మొదటేడే తెల్సింది. అందుకే ఇవతలికి ఎగిరీవోణ్ణి."

"మరి సెప్పనేదేట్రా?"

"నువ్వు సెప్తావనీసి."

అని తారకి నెట్ కింద నుంచి దూరి బయటికి వెళ్ళిపోయాడు.

మన్మథరావే చేతులు దులుపుకుని, "అయితే నన్నెందుకు పిలిచారండి?" అన్నాడు.

"తాడు లాగడానికి," అన్నాడు రామూర్తి.

మన్మథరావే ముందు నవ్వాడు. వెళ్ళేటప్పుడు పోలారావు అతని చేతిలో రెండు పెద్ద చందువా చేపలు పెట్టి, వాలీబాల్‌కి కాకపోయినా ఆదివారాలు వలకి రమ్మన్నాడు. పేరు కాగితం మీద నాగరాజు అని రాసింది రామూర్తి. దాన్ని సైకిల్ మీద పోటీలు జరిగే వజ్రపుకొత్తూరు తీసుకెళ్ళి ఇచ్చింది కన్నయ్య. ఎవరూ పంపలేదు, తనే అడిగి తీసుకెళ్ళాడు.

పోటీలకి ఇంకా పదకొండు రోజులుంది. మర్నాడు సాయంత్రం కన్నయ్య మైదానానికి మామూలుగానే వచ్చాడు. నెట్ దగ్గరికి వెళ్ళబోయి, అక్కడ నాగరాజు ఉండటం చూసి, గీత మీదే ఆగాడు. తరవాత రామూర్తి దగ్గరికి పోయాడు.

"మావా, ఎనక ఆడతాను. నేర్పు."

"ముప్పై ఆరేళ్ళకా?"

"యేలు తిన్నగా నేకపోతే లిఫ్ట్ రాదు. ఎనక సర్వీస్ తియ్యడానికి మోచేతుల కింద బాగుంటే సాలు గదా?"

రామూర్తి బుర్ర గోక్కున్నాడు. అది నిజమే. వెనక వరసలో సర్వీస్ తీసేవాడు బంతిని ముంజేతుల మీద ఆపి ముందుకి పంపాలి, వేళ్ళతో పని లేదు. మొదటి రోజు పది సర్వీసుల్లో కన్నయ్య రెండు తీశాడు. మిగతావి మొహానికీ, మోకాళ్ళకీ, ఒకటి చెప్పుకోలేని చోటా తగిలాయి. చిన్నవాళ్ళు నవ్వారు. ఇన్నాళ్ళూ వాళ్ళని అదిలించిన మనిషి ఇసుకలో దొర్లుతుంటే నవ్వరా మరి.

తారకి నాలుగు రోజులు కన్నయ్యతో మాట్లాడలేదు. నాగరాజు లేపితే కొట్టి, ఆట కాగానే వెళ్ళిపోయేవాడు. అయిదో రోజు రామూర్తి చేతిలోంచి బంతి లాక్కుని, "సర్వీస్ నానేత్తాను," అన్నాడు. గీత అవతల నిలబడి బావ మీదకి సర్వీస్‌లు మొదలెట్టాడు. మెల్లగా వేసింది ఒక్కటీ లేదు. మూడేళ్ళు నెట్ తారకి అని పిలిపించుకున్న కోపం అంతా బంతికెక్కింది. కన్నయ్య పడ్డాడు, లేచాడు, మళ్ళీ మోకాళ్ళు వంచాడు. ముప్పయ్యో నలభయ్యో అయ్యాక తారకి ఆగి, "సేతులు దగ్గరికెట్టు. మజ్జిలోంచి పోతన్నాది," అన్నాడు. అన్నాళ్ళకి అది వాడు బావతో మాట్లాడిన మొదటి మాట.

ఇంట్లో కుసుమ ఎర్రగా వాచిన ముంజేతులకి కొబ్బరినూనె రాస్తూ అడిగింది. "ఎవుడు కొట్టినాడు, మావోడా?"

"ఊఁ."

"మంచి పని సేసినాడు," అంది. నూనె మాత్రం రెండు చేతులకీ సమానంగా, మెత్తగా రాసింది. వెరావల్ సరంగు కాగితంలో తమ్ముడు తన పేరు కొట్టేయించుకున్నాడన్న సంగతి కూడా అప్పుడే చెప్పింది.

ఫైనల్లో అక్కుపల్లి ఓడిపోయింది. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. కానీ పేటలో ఫైనల్ గురించి ఎవరూ మాట్లాడరు, సెమీఫైనల్ గురించే మాట్లాడతారు.

వజ్రపుకొత్తూరు మైదానం పొద్దున పడ్డ వానకి ఇంకా తడిగా ఉంది. జలంత్రకోటతో ఆటలో చెరో గేమ్ గెలిచారు. మూడోది పదిహేను పాయింట్లకే. తారకి తప్పు కొట్టడం లేదు. నాగరాజు చేతులకి గుడ్డ చుట్టుకున్నా లిఫ్ట్ మారలేదు. అందుకే జలంత్రకోట వాళ్ళు తెలివిగా వెనక మూల మీద పడ్డారు. అక్కడున్న కుర్రాడి మీదకే సర్వీస్ మీద సర్వీస్. వాడు వరసగా మూడు వదిలేశాడు. పన్నెండు, పన్నెండు.

పోలారావు టైమ్ ఔట్ అడిగాడు. చుట్టూ చూశాడు. చూడదల్చుకోని మనిషినే చూడాల్సి వచ్చింది.

"కన్నయ్యా, ఎల్లు. ఒక్క సర్వీస్ తీసి వచ్చీ."

కన్నయ్య వెనక మూలకి వెళ్ళాడు. నెట్ ఎంత దూరంగా ఉందో పదమూడేళ్ళలో మొదటిసారి చూశాడు. అక్కడి నుంచి ముందున్నవాళ్ళ వీపులే కనబడతాయి. సర్వీస్ వచ్చింది, తక్కువ ఎత్తులో, తిరుగుతూ. కన్నయ్య మోకాళ్ళు బురదలో దిగాయి. చేతులు దగ్గరికి పెట్టాడు. బంతి ముంజేతుల మీద పడి, అందంగా కాకపోయినా, ఎత్తుగా ముందుకి లేచింది. నాగరాజు కిందికి వచ్చాడు. వేళ్ళు తాకాయో లేదో. తారకి అప్పటికే గాల్లో ఉన్నాడు.

ఆ చప్పుడుకి గట్టు మీదున్న అక్కుపల్లి జనం మొత్తం లేచి నిలబడ్డారు. పదమూడు, పన్నెండు.

"కన్నయ్యా, సాలు, వచ్చీ!" అని పోలారావు చెయ్యి ఊపాడు. ఆ కుర్రాడు లోపలికి రావడానికి గీత దగ్గర సిద్ధంగా ఉన్నాడు.

కన్నయ్య నడవబోయాడు. తారకి వెనక్కి తిరిగాడు. బావ మొహం చూడలేదు, పోలారావు వైపే అరిచాడు.

"ఉండనీ మావా! బావని మా ఎనకాలే ఉండనీ!"

పోలారావు చెయ్యి దించాడు. కుర్రాడు కూర్చున్నాడు. కన్నయ్య బురద చేతులు నిక్కరుకి తుడుచుకుని వెనక మూలకి తిరిగొచ్చి, మోకాళ్ళు వంచాడు.